కేకు ముక్కలో వచ్చిన పదవి

మా వెర్నెల్‌లో జోసియాన్ బెర్తో ఎవరని అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. ముసలివాళ్ళున్న ఇళ్ళలో అడిగితే "మా జోసియానా? బంగారం" అంటారు. ముసలివాళ్ళు లేని ఇళ్ళలో అడిగితే కాసేపు నసిగి, గుమ్మం అవతల ఎవరైనా వింటున్నారేమో చూసి, "ఆవిడ సంగతి మమ్మల్నెందుకు అడుగుతారు?" అంటారు. ఈ రెండో రకం వాళ్ళలో ఆ చలికాలం ఆవిడ చేతి సూప్ తాగనివాడు ఒక్కడూ లేడు. సిగ్గుండాలి. కాని సిగ్గనేది మనిషికి విడిగా ఉన్నప్పుడు వస్తుంది గాని, గుంపుకి వచ్చిన దాఖలా మా ఊళ్ళో ఇంతవరకూ లేదు.

జోసియాన్‌కి అప్పటికి యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, గట్టి చేతులు, మెల్లటి గొంతు. రాతి గనిలో పనిచేసినాయన కూతురు. చొక్కాల ఫ్యాక్టరీ మూతబడేదాకా అందులో కాలర్లు కుట్టింది. మొగుడు అలాన్ పంపులు బాగుచేసేవాడు, మంచి మాటకారి. అతను పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. ఫ్యాక్టరీ పోయాక, ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళకి స్నానం చేయించి, బట్టలు తొడిగి, భోజనం తినిపించే పనిలో కుదిరింది. ఒక్కో ఇంటికి అరగంట ఇస్తారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న కొండదారులు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు, అవి ఆవిడ కారూ ఆవిడ డీజిలూ చూసుకోవాలి. రోజంతా ఆవిడతో మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. ఆవిడ మాట వినేవాళ్ళే లేరు, ఎందుకంటే సగంమందికి చెవులు పనిచెయ్యవు. ఇంటికొచ్చి ఒక్క పళ్ళెం కడుక్కుని, టీవీ ముందు కూర్చుని, టీవీకి జవాబులు చెబుతూ నిద్రపోయేది.

ఇంతలో రెండువేల పద్దెనిమిది నవంబరు వచ్చింది. డీజిల్ మీద పన్ను పెంచుతామన్నారు, దేశమంతా భగ్గుమంది. ఫ్రాన్సులో ప్రతి కారులోనూ చేతుల్లేని పసుపుపచ్చ మెరుపు చొక్కా ఒకటి ఉండి తీరాలి, బండి పాడైతే రోడ్డుమీద వేసుకు నిలబడడానికి. జనం ఆ చొక్కాలు తొడుక్కుని కూడళ్ళ దగ్గర నిలబడ్డారు. మా ఊరి చివర సూపర్‌మార్కెట్ పక్కనున్న పెద్ద సర్కిల్‌ని కూడా అలాగే పట్టుకున్నారు. వచ్చే బండినల్లా ఆపేవాళ్ళు. కారు అద్దం లోపల పసుపు చొక్కా పరిచి ఉంటే మాత్రం మనవాడే అని చప్పట్లు కొట్టి వదిలేవాళ్ళు. ఎవరు పెట్టారో తెలియదు గాని రెండు గంటల్లో అదే చట్టమైపోయింది.

ఆ శనివారం జోసియాన్ మదాం తుర్నాద్‌గారింటికి మధ్యాహ్న భోజనం వేళకి చేరాలి. ముందు ఇరవై కార్లు కదలకుండా నిలబడ్డాయి. ఒక్కో కారు ఎలా బయటపడుతోందో చూసింది, సీటు కింద చెయ్యిపెట్టి తన చొక్కా బయటికి లాగి, అద్దం ముందు పరిచింది. అంతే. పెద్ద మీసాలాయన ఒకడు నవ్వుతూ బానెట్ మీద చరిచి, "వదలండ్రా, మనావిడే! పో తల్లీ, జాగ్రత్త!" అని అరిచాడు. జనం రెండుగా చీలి చప్పట్లు కొట్టారు. జోసియాన్‌కి చెవులు ఎర్రబడ్డాయి. తనకి ఎవరైనా చప్పట్లు కొట్టడం ఆవిడ ఎరగదు.

మదాం తుర్నాద్ తొంభై దాటిన మనిషి. కాళ్ళు లేవవు గాని నాలుక శుభ్రంగా లేస్తుంది.

"ఆలస్యం చేశావ్," అంది.

"సర్కిల్ దగ్గర ఆపేశారు మదాం."

"ఎవరు?"

"జనం."

"వాళ్ళకి పేర్లుండవా ఏం? మరి నిన్నెలా వదిలారు?"

"చొక్కా కారు ముందు పెట్టాను."

"ఓహో, చేరిపోయావన్నమాట."

"చేరలేదు మదాం. దారిస్తారు కదాని పెట్టానంతే."

"అంటే వాళ్ళ కళ్ళల్లో దుమ్ము కొట్టావు," అని ముసలావిడ నోరు తెరిచి చెంచా కోసం ఎదురుచూసింది.

చెంచా దారిలో ఆగిపోయింది. మోసం అన్న మాట జోసియాన్‌కి జీవితంలో ఎవరూ అంటించలేదు. ఇంతకీ ఆవిడకి ఆ పన్ను మీద కోపం ఉందా లేదా? ఉంది. రోడ్డు మీద నిలబడేటంత ఉందా? అది తెలియదు. నిలబడినవాళ్ళు చేస్తున్నది మంచా చెడా? అదీ తెలియదు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆగి, "ఏమనుకోకండి, నేను మీలో మనిషిని కాదు, ఊరికే చొక్కా పెట్టాను" అని చెప్పేసి పోదామనుకుంది. ఆగింది. దిగింది. నోరు తెరిచేలోగా ఆ మీసాలాయన వేడివేడి కాఫీ చేతిలో పెట్టేశాడు.

"చలికి చచ్చిపోతున్నావ్, ముందు తాగు. నా పేరు రెజిస్. నీ పేరు?"

"జోసియాన్. నేను చెప్పొచ్చేదేంటంటే..."

"తాగి చెప్పు జోజో, తొందరేముంది?"

కాఫీ తాగింది. పక్కనున్నావిడ జరిగి మంట దగ్గర చోటిచ్చింది. చెబుదామనుకున్న మాట ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. పదిరోజుల తర్వాత చెబితే నవ్వుతారు. అలా జోసియాన్ ఉద్యమంలో చేరింది. తర్వాత పారిస్ నుంచి పెద్ద చదువులవాళ్ళు వచ్చి, జనం ఎందుకు కదిలారని మా ఊళ్ళో మూడురోజులు తిరిగారు. ఆవిడనీ అడిగారు. "కాఫీ ఇచ్చారండీ" అంది. వాళ్ళు అది రాసుకోలేదు.

రెజిస్ లారీలు తోలి రిటైరైనవాడు. సూపర్‌మార్కెట్ వెనక పడేసిన చెక్క చట్రాలు తెచ్చి సర్కిల్ మధ్య గడ్డిలో పాక కట్టాడు. దానికి పొయ్యి, పొయ్యికి గొట్టం, గుమ్మానికి పాత కర్టెన్ కూడా పెట్టించాడు. సూప్ పని జోసియాన్‌ది. అదే మార్కెట్‌లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే నాదెజ్ అనే పిల్ల, ఇరవయ్యెనిమిదేళ్ళది, డ్యూటీ దిగగానే వచ్చి ఫోను తీసి అంతా లైవ్ పెట్టేది. ఏళ్ళ తరబడి ఆ పిల్ల జోసియాన్ కూరగాయలు తూచి బిల్లు కొట్టింది, ఏనాడూ ఒకళ్ళ పేరు ఒకళ్ళు అడగలేదు. ఇప్పుడు ఆ పిల్ల తన విడాకుల గోలంతా ఆవిడ భుజం మీద తలపెట్టి ఏడ్చి మరీ చెప్పుకుంటోంది. జోసియాన్ సాయంత్రాలు పళ్ళెం కడుక్కోవడం మానేసింది. కడగడానికి అక్కడ ముప్ఫై పళ్ళేలున్నాయి. చెప్పకూడదు గాని, అలాన్ పోయాక అంత సంతోషంగా ఆవిడ ఎప్పుడూ లేదు.

సర్కిల్‌కి ఒకటే నియమం. నాయకుడుండడు. మొదటివారంలో మంచి కోటేసుకున్న ఇన్సూరెన్స్ ఏజెంట్ ఒకడొచ్చి "మీ తరఫున నేను మాట్లాడతా" అన్నాడు, సాయంత్రానికి వాడి కోటూ వాడూ కనపడలేదు. ఏదైనా అందరూ చేతులెత్తే తేల్చుకోవాలి. పాకకి తలుపు ఏ వైపుండాలి, టీవీవాళ్ళని రానివ్వాలా, సూప్‌లో వెల్లుల్లి ఉండాలా, అన్నిటికీ చేతులెత్తడమే. జోసియాన్ చెయ్యెత్తబోతూ అటొకసారి ఇటొకసారి చూసుకునేది. తనకి తెలియదు కదా, తెలిసినవాళ్ళు ఏం చేస్తున్నారో చూద్దామని. చూస్తే రెజిస్ నాదెజ్‌ని చూస్తున్నాడు, నాదెజ్ ఇంకెవరినో చూస్తోంది, ఆ ఇంకెవరో జోసియాన్‌ని చూస్తున్నారు. చివరికి ఎక్కడో ఒక చెయ్యి జుట్టు సర్దుకోవడానికి లేచేది, అంతే, ముప్ఫై చేతులూ లేచేవి. వెల్లుల్లి అలాగే గెలిచింది. జోసియాన్‌కి వెల్లుల్లి పడదు.

జనవరి మొదట్లో సబ్ ప్రిఫెక్ట్, అంటే మా ప్రాంతానికి ప్రభుత్వం పంపిన అధికారి, పోలీసులతో కబురు పెట్టాడు. ఒక మనిషిని పంపండి, కూర్చుని మాట్లాడుకుందాం అని. ఇక చూడండి రభస! పంపకపోతే భయపడ్డారంటారు. పంపితే పోయినవాడు నాయకుడైపోతాడు. చేతులెత్తి ఎన్నుకుంటే మరీ నాయకుడు.

"ఎన్నుకోకుండా ఎన్నుకోవాలి," అన్నాడు రెజిస్ మీసం లాక్కుంటూ.

"అదెలా?"

నాదెజ్ ఎగిరి గంతేసింది. "కేకు! ఆదివారం రాజుల పండగ కేకు ఎలాగూ కోస్తాం కదా! బొమ్మ ఎవరికి దొరికితే వాళ్ళు పోవాలి. ఎవరూ ఎన్నుకోనట్టే!"

అంతా చప్పట్లు కొట్టారు. రాజుల పండగనాడు కోసే ఆ బాదం కేకు లోపల వేలెడంత పింగాణీ బొమ్మ ఒకటి దాస్తారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ పూటకి రాజో రాణీనో, బంగారు రంగు అట్టకిరీటం పెట్టుకోవాలి. ఎవరికి ఏ ముక్కన్నది అందరికంటే చిన్నవాళ్ళు బల్లకింద దూరి చూడకుండా చెప్పాలి. ప్రతి ఇంట్లోనూ చేసే పనే. అందుకేనేమో, రాజులొద్దని రోడ్డెక్కినవాళ్ళం రాణిని తయారుచేస్తున్నామని ఒక్క బుర్రకీ తట్టలేదు.

అందరిలోకీ చిన్నది నాదెజ్. బురదలో మోకాళ్ళేసి బల్లకింద దూరింది.

"ఇదెవరికి?" అని పైనుంచి రెజిస్.

"రెజిస్‌కి!"

"మరి ఇది?"

"జోసియాన్‌కి!"

జోసియాన్ రెండోసారి కొరికేసరికి పంటికింద కటుక్కుమంది. మింగేద్దామా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది. వేలెడు పింగాణీ గొంతు దిగదని ఆగింది. నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకునేసరికి పాక దద్దరిల్లిపోయింది. రెజిస్ కిరీటం తెచ్చి ఊలుటోపీ మీద దిగ్గొట్టాడు. నాదెజ్ బల్లకిందనుంచి లేస్తూనే ఫోటో కొట్టి, "మా రాణిగారు మంగళవారం సబ్ ప్రిఫెక్ట్‌ని కలుస్తున్నారు!" అని వేళాకోళంగా పెట్టేసింది.

వేళాకోళం వెర్నెల్ పొలిమేర దాటలేదు, ఫోటో దాటింది. పక్క జిల్లా సర్కిళ్ళలో ఉన్నవాళ్ళు చూశారు. "రాణా? మన తాతలు రాజుల తలలు తీసింది ఇందుకా?" "దీనికి పట్టం కట్టిందెవడు?" "ఎంతకి అమ్ముడుపోయిందో కనుక్కోండి." జోసియాన్‌కి ఇవేమీ తెలియవు. ఆవిడ ఫోను మాట్లాడడానికి మాత్రమే పనికొచ్చే ఫోను. ఆవిడ బాధ వేరే. ఏం మాట్లాడాలో ఒక్కొక్కళ్ళు ఒక్కొక్కటి చెబుతున్నారు. పన్ను తగ్గించమను. కాన్పుల ఆస్పత్రి మళ్ళీ తెరవమను. పార్లమెంటు రద్దు చెయ్యమను. మా వీధిలో స్పీడు కెమెరా తీసెయ్యమను. మా వీధిలో ఒకటి పెట్టమను.

"ముందు ఏది చెప్పను?" అని అడిగింది.

"అన్నీ ముందే చెప్పు!" అన్నారు.

మంగళవారం వెళ్ళింది. సబ్ ప్రిఫెక్ట్ ముప్ఫై అయిదేళ్ళ కుర్ర అధికారి, సన్నటి మనిషి, మర్యాదస్తుడు. పల్చటి కప్పులో కాఫీ ఇప్పించాడు.

"మదాం, మీరు ఎవరి తరఫున వచ్చారో ముందు తెలుసుకోవచ్చా?"

"ఎవరి తరఫునా కాదండి. నాకు కేకులో బొమ్మ దొరికింది."

ఆయన కలం పక్కన పెట్టాడు. జోసియాన్‌కి చెప్పాల్సినవన్నీ గజిబిజిగా కలిసిపోయాయి, పార్లమెంటూ స్పీడు కెమెరా ఒకదాని మీదొకటి పడ్డాయి. చివరికి తనకి తెలిసిందొక్కటే చెప్పింది. అరగంటలో ముసలి మనిషికి స్నానం చేయించడం ఎలా ఉంటుందో, సబ్బు నురగ కడిగేలోగా గడియారం చూసుకోవడం ఎలా ఉంటుందో చెప్పింది. ఆయన విన్నాడు. తన చేతిలో ఉన్నది చాలా తక్కువన్నాడు. పాక అలాగే ఉండనిస్తాను గాని, అంబులెన్సులకీ బడి బస్సులకీ రోడ్డు మీద ఒక వరస మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలాలన్నాడు.

"అది న్యాయమేనండి," అంది జోసియాన్. మొదటిరోజు నుంచీ వాళ్ళు చేస్తున్నది అదే. రెజిస్ స్వయంగా ముందుకి పరిగెత్తి అంబులెన్సులకి దారి చేసేవాడు.

తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తిరిగొచ్చింది. సర్కిల్ దగ్గర ముప్ఫైమంది ఉండాల్సిన చోట నూట యాభై మంది ఉన్నారు. సగంమంది మొహాలు ఎన్నడూ చూసినవి కావు. నాదెజ్ ఎదురొచ్చి, ఫోను ముందు పెట్టి, "ఏమైంది, చెప్పు!" అంది.

"పాక ఉండనిస్తారట. అంబులెన్సులకి ఒక వరస వదలమన్నారు, సరేనన్నాను."

"సరేనన్నావా?" అని వెనకనుంచి ఒక గొంతు లేచింది. "మమ్మల్నడక్కుండా? నువ్వెవరివి?"

"ఒక వరస అమ్మేసిందిరోయ్!"

"కిరీటం ఏదే, రాణీ?"

"అమ్ముడుపోయింది! అమ్ముడుపోయింది!"

పాకలో చేతులు లేచినంత వేగంగా ఆ మాట నోళ్ళు మారింది. జోసియాన్ ఏదో చెప్పబోయింది, తన గొంతు తనకే వినపడలేదు. అంబులెన్సులకి దారి మనమే ఇస్తున్నాం కదరా అనడానికి రెజిస్ ఉన్నాడు కదా! వెతికింది. పాక గుమ్మంలో ఉన్నాడు. మీసాల కింద నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నాదెజ్ వైపు చూసింది. ఫోను ఎత్తి పట్టుకున్న చెయ్యి వెనకాల ఆ పిల్ల నోరూ కదులుతోంది. జోసియాన్ నడుముకున్న ఏప్రన్ విప్పి, మడిచి, బల్లమీద పెట్టి, కారెక్కింది. ఇంటికెళ్ళి పళ్ళెం తీసుకుంది, అందులో ఏమీ వేసుకోలేదు.

వారం తిరక్కుండా రెజిస్ పొయ్యి కట్టెలు పట్టుకుని వచ్చాడు. అడక్కుండానే గుమ్మం పక్కన పేర్చడం మొదలెట్టాడు.

"నేను అరవలేదు జోజో."

"నీ నోరు కదలడం చూశాను రెజిస్."

"కదిపానంతే. లోపలినుంచి ఏమీ రాలేదు. ప్రమాణం చెయ్యమంటావా? కదపకపోతే నన్నూ నీతో కలిపేసేవాళ్ళు. నువ్వే చెప్పు, చుట్టూ అంతమంది అరుస్తుంటే..."

మార్కెట్‌లో నాదెజ్ కళ్ళెత్తకుండా క్యారట్లు తూచింది. "నేను లైవ్‌లో ఉన్నాను జోసియాన్. నోరు మూసుకుంటే చూసేవాళ్ళు నన్ను తిడతారు. అరిచింది నేను కాదు, నిజం. నా పక్కవాళ్ళు." అని క్యారట్లలో రెండు ఎక్కువ వేసింది. తర్వాత రొట్టెల కొట్టావిడ చెప్పింది, తను దగ్గుతోందట. పెయింటరు చెప్పాడు, వాడు అరుస్తున్నది "ఆగండి" అనట. ఫిబ్రవరి అయ్యేలోగా మా ఊరివాళ్ళంతా వంతులవారీగా వచ్చి చెప్పేశారు. జోసియాన్ అందరినీ నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది, ఒక్కొక్కళ్ళనీ చూస్తే అంత మంచివాళ్ళు! అదే ఆవిడ బుర్ర తినేసింది. ఇంతమంది మంచివాళ్ళలో ఎవరూ అరవకపోతే తన చెవుల్లో ఇప్పటికీ మోగుతున్న ఆ రొద ఎక్కడిది?

మదాం తుర్నాద్‌ని అడిగింది. ఇంకెవరిని అడుగుతుంది?

"మరి అరిచిందెవరట?" అంది ముసలావిడ.

"పక్కవాళ్ళట మదాం."

"పోయి పక్కవాళ్ళని అడుగు."

"అడిగాను. వాళ్ళూ పక్కవాళ్ళనే అంటున్నారు."

"మన ఊరు అంత పొడుగు లేదే అమ్మాయ్! ఎక్కడో ఒకచోట పక్కవాళ్ళు అయిపోవాలి కదా."

"బయటూళ్ళ వాళ్ళు అరిచారేమో మదాం."

"వాళ్ళకి నువ్వెవరో తెలియదు. తెలియనివాళ్ళు తిడితే నీకింత నొప్పి ఎందుకు?"

జోసియాన్ ఆవిడ కాళ్ళకి నూనె రాసింది. నొప్పి తిట్టినందుకు కాదు. సాయంత్రాలు మళ్ళీ పొడుగైపోయినందుకు. పని ముగించుకు వస్తూ సర్కిల్ చుట్టూ అవసరం లేని చుట్టు ఒకటి తిరిగేది. పాక గొట్టంలోంచి పొగ, మంట చుట్టూ పసుపు చొక్కాలు, ఎవరో నవ్వడం కనిపించేవి. ఆ సూప్ ఎవరు కాస్తున్నారో, ఉప్పు చూస్తున్నారో లేదో అని ఆలోచించుకుంటూ ఇల్లు చేరేది. అవమానం చేసినవాళ్ళ దగ్గరికే మనసు ఎందుకు పోతోందో ఆవిడకి అర్థం కాలేదు. కోపం రావాలి కదా, ఏదీ?

మార్చి నెల మొదట్లో రెజిస్ మళ్ళీ వచ్చాడు. "అందరూ నిన్ను రమ్మంటున్నారు జోజో. సూప్ నోట్లో పెట్టుకోలేకపోతున్నాం."

"అందరూ అంటే ఎవరు రెజిస్?"

"అందరూ అంటే అందరే, ఏం మనిషివి నువ్వు!"

శనివారం వెళ్ళింది. చొక్కా తొడుక్కుని, గడ్డి దాటి పాకలోకి నడిచింది. నిన్ననే చూసినట్టు పలకరించారు. ఎవరో గరిటె చేతికిచ్చారు. పొయ్యి దగ్గర ఆవిడ నిలబడే చోటులో ఎవరూ నిలబడలేదు. జనవరి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తరేమోనని భయపడింది, ఎత్తుతారేమోనని అంతకన్నా భయపడింది. ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఉల్లిపాయలున్నాయి కాబట్టి సరిపోయింది.

మధ్యాహ్నానికి జనం పెరిగారు. పక్క సర్కిళ్ళు ఒక్కొక్కటే పోలీసులు ఖాళీ చేయించేస్తున్నారు, అక్కడివాళ్ళంతా ఇటే వచ్చారు. అప్పుడు రెజిస్ ఒక పెట్టె బోర్లించి దానిమీదికెక్కాడు.

"పైనుంచి కొత్త ఆర్డరొచ్చిందట, సోమవారం మన పాకమీదికి బుల్డోజరు వస్తోంది. పోలీసు ఆయన నాకు ముందే చెప్పాడు. నేను ఆయనతో మాట్లాడాను. మనంతట మనమే విప్పేసుకుంటే చెక్కముక్క కూడా ముట్టుకోరు. రోడ్డు పక్క పొలమాయన చోటిస్తానన్నాడు. రేపు అక్కడ మళ్ళీ కట్టేద్దాం."

జోసియాన్ అటూ ఇటూ చూసింది. మంచి మాటే అనిపించింది ఆవిడకి. పాక మిగులుతుంది, పొయ్యి మిగులుతుంది. మిగతావాళ్ళకి ఏమనిపిస్తోందోనని చూస్తుండగానే వెనకనుంచి వచ్చింది గొంతు.

"నిన్నెవడు మాట్లాడమన్నాడు?"

"పోలీసోడితో నీకేం పని?"

"పాక అమ్మేశాడురా!"

మొదట అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాత అన్నీ కలిసి ఒకే దెబ్బలా పడడం మొదలైంది. అమ్ముడుపోయాడు! అమ్ముడుపోయాడు! రెండువైపులా భుజాలు వచ్చి జోసియాన్ భుజాలకి ఆనుకున్నాయి. చలి తెలియడం లేదు. నాదెజ్ ఆవిడ చెయ్యి పట్టుకుంది, వేళ్ళలో వేళ్ళు పెట్టి గట్టిగా పట్టుకుంది. జనవరి నుంచీ ఎక్కడికి వెళ్ళినా వీపుమీద పాకినట్టున్న చూపులు ఇప్పుడు లేవు. అందరి చూపూ పెట్టెమీదున్న మనిషి మీదే. జోసియాన్ నోరు తెరిచింది. కదపడం కాదు. కడుపులోంచి, కాలి మడమల్లోంచి వచ్చింది అరుపు. మెల్లటి గొంతు మనిషి అంత గొంతు ఎక్కడ దాచిందో! "అమ్ముడుపోయాడు!" అంది, మళ్ళీ అంది, మళ్ళీ అంది. ఎంత హాయి! తను ఎక్కడ అయిపోతోందో పక్క మనిషి ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు.

రెజిస్ మొహాల్లో ఎవరికోసమో వెతికాడు. ఆవిడ మొహం దొరికింది. చెబుతున్న మాట మధ్యలో వదిలేసి, పెట్టె దిగి, ఎవరూ దారివ్వకపోతే తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

రాత్రంతా జోసియాన్ ఎందుకు అరిచానా అని తనని తను నిలదీసుకుంది. రెజిస్ మీద కోపం లేదు. అతని మాట తప్పనిపించలేదు. పగ తీర్చుకోవాలనీ లేదు, కట్టెలు పేర్చిననాడే అది పోయింది. కారణం వెతికిన కొద్దీ ఆ హాయి ఒక్కటే చేతికి తగులుతోంది. పొద్దున్నే లేచి కారు తీసింది. పోయి ఏం చెప్పాలి? అందరూ తనతో చెప్పిన మాట తనూ చెప్పొచ్చు. నమ్ముతాడు కూడా, తను నమ్మలేదా? కాని నోట్లో మాట తిరగలేదు.

రెజిస్ ఇంటి చెప్పుల్తో వచ్చి తలుపు సగం తీశాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నేను అరిచాను రెజిస్," అంది జోసియాన్.

అతను తలుపు ఇంకా తెరవలేదు, మూయనూ లేదు.

"నోరు కదపడం కాదు. గట్టిగా అరిచాను. ఎందుకంటే ఏం చెప్పను? నీ మీద ఏమీ లేదు. వాళ్ళందరిలో ఉన్నానని హాయిగా అనిపించింది. మళ్ళీ నన్ను వెళ్ళగొట్టరు కదా అనిపించింది. అది చెప్పిపోదామని వచ్చాను."

రెజిస్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తీరిగ్గా, లెక్క సరిచూసుకుంటున్నవాడిలా అన్నాడు.

"నిన్న సాయంత్రం నాదెజ్ వచ్చింది. అరవలేదట. రొట్టెలావిడ వచ్చింది, అరవలేదట. పెయింటరు గాడు నా కాళ్ళు పట్టుకోవడమే తక్కువ, వాడూ అరవలేదట. అందరూ ప్రమాణాలు చేశారు." తలుపు పిడి పట్టుకున్నాడు. "అయితే అంత గోలా నువ్వొక్కదానివే చేశావన్నమాట."

వేళాకోళమేమోనని జోసియాన్ అతని మొహంలోకి చూసింది. నవ్వుతాడని చాలాసేపు ఎదురుచూసింది. తలుపు మూసుకుంది.

సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోయింది, రెజిస్‌ని సర్కిల్ నుంచి తరిమింది జోసియాన్ అని. జనవరి కక్ష తీర్చుకుందన్నారు. మొదట్నుంచీ ఆవిడని చూస్తే అనుమానంగానే ఉండేదన్నారు. మన కళ్ళతో చూడలేదు కదా, తొందరపడి ఒక మనిషిని అనేయకూడదని ఒకరిద్దరు సర్దబోయారు. చూడడమేమిటి, తనే పోయి ఒప్పుకుందట అన్నారు మిగతా అందరూ.